ఇస్త్రీ బల్ల దగ్గర లాటిన్

సాల్మియా, నాలుగో అంతస్తు. బయట దుమ్ముగాలి.
బాబా తెల్ల దిష్‌దాషాలు పదకొండు,
ఒక్కదానికీ కాలరు కాడ ముడత ఉండగూడదు.
లుల్వా నేలమీద బోర్లా పండుకోని
అట్టముక్కలు పరుచుకుంటా ఉంది. రేపు దానికి పరీక్ష.

"ఓబులమ్మా, ఇవి లాటిన్ ముక్కలు" అనింది
సగం అరబ్బీలో, సగం ఇంగ్లీషులో.
"మాట ముందర చేరతాయి.
ముక్క తెలిస్తే మాట సగం తెలిసినట్టే."
లాటిన్ ఎవురు మాట్లాడతారే అని అడిగితి.
ఎవురూ లేరు, అది చచ్చిపోయింది అనింది.
చచ్చిపోయి గూడా
ఇంగ్లీషోళ్ళ ఇంట్లో పని చేస్తానే ఉందన్నమాట,
శుక్రవారం సెలవన్నా లేకుండా.

పదిలో నాకు ఇంగ్లీషు పదకొండు మార్కులు.
అప్పుడీ కిటుకు ఎవురూ చెప్పలా.
చెప్పింటే పుల్లంపేట దాటింటానేమో.
అయినా దాటితినే.

ఎక్స్ అంటే బయటికి.
విమానాశ్రయంలో వెలిగే ఎగ్జిట్,
ఇకామా కార్డు మీది ఎక్స్‌పైరీ.
పైర్ అంటే ఊపిరంట, ఊపిరి బయటికి పోవడం.
నా కార్డుకు ఇంకా నలభై దినాల ఊపిరుంది.

ఇన్ అంటే కాదు. ఇన్‌విజిబుల్, కనపడనిది.
"మరి ఇండియన్?" అని కిసుక్కున నవ్వింది పిల్ల.
బుస్సుమంటున్న పెట్టెను పైకెత్తి నేనూ నవ్వితి.
అన్ని ఇన్‌లూ ముక్కలు కావులే,
కొన్ని ఊరికే అట్లా పుట్టింటాయి.

పోర్ట్ అంటే మోయడం.
ఇం పెడితే లోపలికి, ఎక్స్ పెడితే బయటికి.
"నేను ఏది?" అంటి.
లుల్వా పెన్సిలు కొరికింది.
"మాకు ఇంపోర్ట్. మీ ఊరికి ఎక్స్‌పోర్ట్."
ఒకే మనిషి, జిప్పు తెగిన ఒకే సూట్‌కేసు,
ఎవురి గడప కాడ నిలబడి చూస్తే ఆ ముక్క.
డి పెడితే ఏమైతాదో
అది చెప్పలా, నేను అడగలా.

కింది ఇంట్లో చేసే ఖాసింబీది రాయచోటి.
పోయిన నెల ఆమె పేరు మీద కాగితం పుట్టింది,
అబ్‌స్కాండింగ్ అని.
అదేదో రోగం పేరు అనుకుంటి చాన్నాళ్ళు.
ఈ పొద్దు అడిగితే
లుల్వా వేలితో మాటను రెండుగా కోసింది:
అబ్స్ అంటే దూరంగా, కాండ్ అంటే దాచిపెట్టడం.
దూరంగా పోయి దాక్కోవడం.
"దాక్కుందా ఆమె?"
దాక్కోలేదు తల్లీ.
ఎంబసీ షెల్టర్‌లో యాభై మందికి ఉల్లిగడ్డలు తరుగుతా ఉంది,
ఏడు నెల్ల జీతం లెక్క జాకెట్లో మడిచి పెట్టుకోని.
దూరంగా అంటే సరే. ఎవురికి దూరంగా?
ముక్క ఆ సంగతి చెప్పదు.
"అది పరీక్షలో రాదు" అనింది లుల్వా, మెల్లగా.

ఇంకాసేపటికి, "మీ భాషలో ఉన్నాయా ఇట్లాంటివి?"
ఎందుకు లేవూ.
మా తెలుగయ్యవారు సుద్దముక్క విరిచి రాసేవాడు, హారం అని.
ఆ చేరితే ఆహారం, తినేది.
వి చేరితే విహారం, తిరిగేది.
ప్ర చేరితే ప్రహారం, దెబ్బ.
పరి చేరితే
పెట్టె పక్కన పెట్టి చెప్పాల్సి వచ్చింది,
పరిహారం. నష్టపోయినోళ్ళకు ఇచ్చేది.
కింది ఇంటివాళ్ళు ఇంకా ఇయ్యనిది.
లుల్వా మూడుసార్లు పలికి చూసింది.
దాని హ గొంతు అడుగునుంచి వచ్చింది,
మా అయ్యవారికన్నా గట్టిగా.

రాత్రి ఎంచుకుంటే అట్టముక్కల్లో ఒకటి తక్కువ.
సోఫా కింద వెతికింది, నన్నూ వెతకమనింది.
రీ అనే ముక్క.
వెనక్కి, మళ్ళీ, రెండర్థాలు రాసుండాయి దానిమీద.
మామా రెన్యూ అంటా ఉంది, ఇంకో రెండేండ్లకి.
మా చెల్లెలు ఫోన్‌లో రిటర్న్ ఎప్పుడంటాది.
ముక్క నా దిండు కింద ఉంది.
పొద్దున్నే ఇచ్చేస్తా.
పరీక్ష గదా పిల్లకు.